పసుపు పూసిన సిమెంటు పైపు

మొన్న మేడ్చల్‌లో మా సందు చివర, గౌడవెల్లి పోయే రోడ్డు తవ్వి, పాత సిమెంటు పైపులు బయటికి తీసి వరుసగా పడేశారు. పాలకని బయలుదేరినదాన్ని ఆ పని మరిచిపోయి ఒక్కొక్క పైపు అంచూ వంగి చూసుకుంటూ నడుస్తుంటే, తవ్వే బండి నడిపే అతను "ఏం పోయిందవ్వా?" అని కేకేశాడు. ఏం పోయిందని చెప్పను?

తొంభైల్లో ఆ పైపులు వేయడానికి పాలమూరు నుంచి కూలీలు వచ్చారు. మనిషి వంగి దూరేంత పెద్ద పైపులు, మట్టిలోకి పోయేదాకా అవే వాళ్ళ ఇళ్ళు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండు వైపులా గోనెపట్టాలు వేలాడదీసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకామెకు నెలలు నిండాయి. ఆమె తన పైపు అంచుకు, ఇంటి గడపకు పూసినట్టే, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టుకుంది.

మా అత్తమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆ రోజుల్లో మా ఆడవాళ్ళం అన్నం వండబోయే ముందు పిడికెడు బియ్యం దేవుని పేరున వేరే కుండలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చేవాళ్ళం. సన్నబియ్యం, రేషన్ దొడ్డుబియ్యం అన్నీ కలిసిపోయిన ఆ సంచిని ముసురు వానలో ఆ పైపులో ఉండే ఆమెకు ఇచ్చి, ప్రార్థన చేసి, ఎంతో మేలు చేసినట్టు తిరిగి వచ్చేవాళ్ళం. మాలో ఒకావిడ, ముందు ఆ బొట్లు తుడవమనాలని గొణిగితే, "ముందుగాల కడుపు నిండనియ్యే, బొట్ల సంగతి దేవుడు సూసుకుంటడు" అని అత్తమ్మ నోరు మూయించింది.

మూడో ఆదివారం వెళ్ళేసరికి మేమిచ్చిన రెండు సంచులూ పైపులోనే ఉన్నాయి, ఒకటి మాత్రం కొంచెం తగ్గింది. అత్తమ్మకు కోపం వచ్చి, మా బియ్యం నచ్చలేదా అని అడిగేసింది.

"పొయ్యి తడిశె, కట్టెలు తడిశె. యాడ వండాలె అవ్వా? నానబెట్టుకొని నములుతున్నం" అంది ఆమె, తప్పు చేసినదానిలా తల దించుకుని.

అన్ని రోజులూ మాలో ఒక్కరమూ ఆ మాట అడగలేదు. రోజుకు రెండు పైపులు మట్టిలోకి పోతున్నాయనీ, ఆమె పైపు వంతు ఇంకో మూడు రోజుల్లో వస్తుందనీ కూడా అప్పుడే తెలిసింది. ఆ తరువాత ఎక్కడ కంటుందో ఆమెకే తెలియదు. అత్తమ్మ ఆ రోజు ప్రార్థన చేయలేదు. సంచులు నా నెత్తిన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చి మా బర్రె కొట్టంలో కూర్చోబెట్టింది.

"మరి బర్రెనేడ గట్టాలె?" అని మా మామ లేచాడు.

"నీ మంచం కోడుకు గట్టు. మన దేవుడు పుట్టింది కొట్టంల గాదా? గీమె కనొద్దా?"

నవ్వాడో తిట్టుకున్నాడో గాని, మామ బర్రెను తీసుకెళ్ళి వేపచెట్టుకు కట్టాడు. నాలుగో రోజు పొద్దున ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందురోజే ఆ పసుపు పైపును ఆమె పెనిమిటి తన చేతులతోనే గుంతలోకి దొర్లించి, మట్టి కప్పి వచ్చాడు.

పని షామీర్‌పేట వైపు జరిగేదాకా రెండు నెలలు మా దగ్గరే ఉన్నారు. పోయేనాడు ఆమె కొట్టమంతా అలికి, గడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి వెళ్ళింది. క్రైస్తవుల ఇంట్లో ఇదేమిటని పాస్టరుగారు అడిగితే, "గా గడప ఆమెదయ్యా, నాది గాదు" అంది అత్తమ్మ. వాన కడిగేసేదాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇప్పుడు అత్తమ్మ లేదు, కొట్టం ఉన్నచోట కారు నిలుపుతున్నాం. పిడికెడు బియ్యం పోయి చర్చి పేరు అచ్చు వేసిన బియ్యం సంచులు వచ్చాయి, ఇచ్చేటప్పుడు ఫోటో తీస్తారు. పోయిన నెల షామీర్‌పేట దగ్గర ప్లాస్టిక్ పట్టా కింద ఉంటున్న ఒకామెకు నేనూ ఒక సంచి ఇచ్చి, ఫోటోకు నవ్వి వచ్చాను.

మొన్న ఏ పైపు అంచునా పసుపు కనిపించలేదు. ఇన్నేళ్ళ నీళ్ళకు ఏం మిగులుతుంది? కాని అక్కడ వంగి నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది, పొయ్యి ఎక్కడుందని ఆ పట్టా కింది ఆమెను నేను అడగనే లేదు. ఈ ఆదివారం వెళ్ళి అడగాలి. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. అది విన్నాక నేనేం చెప్పాలో, కారు పక్కన కుర్చీ వేసుకుని అదే ఆలోచిస్తున్నాను.