అంకిసలో తీసేసిన మట్టి పిట్టలు

కరోనా సద్దుమణిగిన మరుసటి జూన్‌లో సిరొంచ తాలూకాకు నన్ను మా బైబిల్ అనువాద సంస్థవాళ్లు మౌఖిక అనువాద సలహాదారుగా వేశారు. పదవీ విరమణకు ముందు నా చివరి పెద్ద పని అదే. సిరొంచలో ఒక గది అద్దెకు తీసుకుని, వారానికి నాలుగు రోజులు బస్సులోనో, ఎవరిదైనా బండి వెనక కూర్చునో అంకిసకు పోయి వచ్చేవాణ్ని.

మౌఖిక అనువాదం అంటే కాగితం మీద కాకుండా నోటితో చేసేది. అచ్చు బైబిల్లోని భాష అంకిసలో వరి నాట్లకు, చేపల వేటకు పోయేవాళ్ల చెవికి ఎక్కదు. ఊరు మరాఠీ రాష్ట్రంలో ఉంది, పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడినా దాని అక్షరాలు వాళ్లకు రావు. అందుకని బైబిల్ కథలను ఊరి మాటలో ఊరివాళ్ల చేతే చెప్పించి, ఫోన్లో వినేలా రికార్డు చేస్తాం. మొదట కథకురాలు మూల భాగాన్ని పదే పదే విని తన మాటల్లో చెబుతుంది. దాన్ని మూలంతో పోల్చి చూస్తాం. తర్వాత గ్రామ పరీక్ష. ఆ కథ ముందెన్నడూ వినని నలుగురిని కూర్చోబెట్టి వినిపించి, మళ్లీ చెప్పమంటాం. ఏది జారిపోయిందో, ఏది వచ్చి చేరిందో అక్కడ బయటపడుతుంది. చివర సలహాదారు ఒప్పుకుంటేనే తుది రికార్డు. పేరుకు సలహాదారుది పై మెట్టే, కానీ సొంతంగా ఒక్క మాట చేర్చే అధికారం అతనికి లేదు. ఒప్పుకోవాలి, లేదా తిప్పి పంపాలి. పెళ్లికొడుకు మేనమామకు ఉన్నంత గౌరవం, అంతే పని.

అంకిసలో మా కథకురాలు ఎస్తేరమ్మ. నలభై లోపు మనిషి. భర్త చేపలు పడతాడు. ఊరి క్రైస్తవ సంఘంలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది ఆమే. అంతకుముందు ఏడాది వానాకాలంలో జ్వరం తలకెక్కి ఆమె ఎనిమిదేళ్ల కూతురు రూతు చనిపోయిందని నాకు మొదటి రోజే చెప్పారు. ఆ సంగతి ఆమె దగ్గర ఎత్తవద్దని కూడా చెప్పారు. నేను ఎత్తలేదు. గొంతు మాత్రం అంత మంచి గొంతు నా ఉద్యోగంలో రెండోది వినలేదు. ఆమె చెబుతుంటే బీడీ కాల్చుకోవడానికి లేచినవాడు కూడా మళ్లీ కూర్చునేవాడు.

పేచీ యేసు బాల్యం కథ దగ్గర వచ్చింది. బైబిల్లో ఆ బాల్యం గురించి చాలా తక్కువ ఉంది. పుట్టుక, ఐగుప్తుకు పారిపోవడం, ఆ తర్వాత పన్నెండేళ్ల వయసులో పండుగకు పోయి తప్పిపోవడం, తల్లిదండ్రులు వెతికి వెతికి మూడు రోజులకు దేవాలయంలో కనుక్కోవడం. మధ్యలో అంతా ఖాళీ. గ్రామ పరీక్ష రోజు ఎస్తేరమ్మ ఆ ఖాళీలో, అంతకుముందు మాకు చెప్పని ముచ్చట ఒకటి చెప్పింది. చిన్న యేసయ్య వాగు ఒడ్డున మట్టితో పిట్టలు చేశాడట, ఎవరో వచ్చి కోప్పడితే వాటిని ఊదాడట, అవి ఎగిరిపోయాయట. మళ్లీ చెప్పమంటే విన్నవాళ్లందరూ మొదట పిట్టల సంగతే చెప్పారు. దేవాలయం ఒక్కరికీ గుర్తు లేదు.

ఆ పిట్టలు నాకు కొత్త కాదు. యేసు తర్వాత నూరేళ్లు దాటాక, ఎవరో తెలియనివారు ఒక శిష్యుడి పేరు పెట్టి రాసిన బాల్య కథల్లో అవి ఉన్నాయి. అటువంటి రాతలను పాత సంఘాలు లేఖనంలో, అంటే బైబిల్లో, చేర్చుకోలేదు. ఇది ఎక్కడ విన్నావని ఎస్తేరమ్మను అడిగితే, పక్కింటి ఫాతిమాబీ చెప్పిందని అంది. ముస్లింలకు కూడా యేసు ప్రవక్తే, ఈసా నబీ అంటారు, వాళ్ల గ్రంథంలోనూ మట్టిపిట్ట ప్రస్తావన ఉంది. పుస్తకాల్లో నేను వెతుక్కున్న కథ అంకిసలో రెండు ఇళ్ల మధ్య దడి మీదుగా వచ్చిందన్నమాట. ముచ్చట పడ్డాను, కానీ తీసేయాలని చెప్పాను. ఆమె, “తీసేయుర్రి సారు. పుస్తకంల లేనిది నేనెట్ల చెప్త,” అంది.

తీసివేతకు కారణం స్థానిక కమిటీకి చెప్పాలని నియమం. కమిటీ పెద్ద యోహాను సారు, జిల్లా పరిషత్ బడిలో మాస్తరుగా చేసి దిగిన మనిషి. కారణాల్లో ఒకటిగా ఆ పాత రాతలో ముందుకు పోతే ఏముందో కూడా చెప్పాను. పిట్టలు చేసిన చోటే చిన్న యేసు నీటి మడుగులు కడతాడు. ఇంకో పిల్లవాడు వచ్చి వాటిని చెదరగొడతాడు. యేసు శపిస్తే ఆ పిల్లవాడు చెట్టులా ఎండిపోతాడు. మన సువార్తల్లోని యేసుకు ఇది అతకదు కదా అన్నాను. యోహాను సారు తల ఊపాడు. మాస్తరుకు ఒక పాఠం దొరికితే అది పదిమందికీ చెప్పేదాకా అన్నం సహించదు. ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక అందరి ముందు ఎస్తేరమ్మను పిలిచి ఈ సంగతంతా వివరించాడట. మట్టి పని పాడుచేసినందుకు పిల్లల ప్రాణం తీసే దేవుడు మనకెందుకమ్మా అన్నాడట. ఆయన మంచికే చెప్పాడు.

సోమవారం తుది రికార్డుకు ఎస్తేరమ్మ రాలేదు. మంగళవారం కూడా రాలేదు. గురువారం వాళ్లింటికి పోయాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఫాతిమాబీ వెల్లుల్లి పొట్టు తీస్తోంది. జుట్టు నెరిసిన మనిషి, కొడుకుకు సిరొంచలో చెప్పుల కొట్టు ఉందట. నేను ఒంట్లో బాగాలేదా అని అడిగాను. ఫాతిమాబీయే అందుకుంది. “బాగనే ఉండె సారు. మీ మాస్తరు ఏదో చెప్పి దీన్ని పరేషాన్ చేసిండు.”

అప్పుడు ఎస్తేరమ్మ చెప్పింది. రూతు చనిపోకముందు, ఎడ్లను పూజించే పొలాల అమావాస్యకు వాడకట్టు పిల్లలతో కలిసి మట్టి ఎడ్లు చేసింది. క్రైస్తవుల ఇళ్లలో ఆ పండుగ చేయరు. ఆదివారం పాఠం చెప్పేదాని ఇంట్లోనే మట్టి ఎడ్లు ఉంటే సంఘంలో ఏమంటారోనని ఎస్తేరమ్మకు భయం వేసింది. పిల్ల చూస్తుండగానే వాటిని కాలితో తొక్కేసింది. పిల్ల ఏడుస్తూ పడుకుంది. ఆ వారంలోనే జ్వరం. వరదకు రోడ్డు తెగి, పాతిపెట్టిన రోజు ప్రార్థన చేయడానికి పాస్టరు అయ్యగారు కూడా రాలేకపోయారు. ఆ రోజు ఫాతిమాబీ వచ్చి పక్కన కూర్చుని, మట్టితో ఆడితే పాపం కాదు బిడ్డా, ఈసా నబీ అంతటోడు చిన్నప్పుడు మట్టితోనే ఆడిండు అని చెప్పింది. పిల్ల ఏ తప్పూ చేయలేదన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఏడాది గడిపింది.

“నా పిల్ల తప్పు లేదని నాకు తెలుసు సారు,” అంది ఎస్తేరమ్మ. “తొక్కింది నేను. సచ్చింది అది. మాస్తరు చెప్పిన కథల గూడ గట్లనే, మట్టి పని చెడగొడితే పిల్లగాని పానమే పోయె గద?”

అదే రాతలో తర్వాత శాపం తగిలినవాళ్లంతా బాగుపడ్డారని కూడా ఉంది, అది చెప్పాను. “నా పిల్ల బాగుపడలే,” అంది. ఇంకో దారి లేక ఉన్నదున్నట్టు చెప్పాను. అది ఎవరు రాశారో తెలియదు, చూసినవాళ్లు రాసింది కాదు, అందుకే సంఘం దాన్ని పక్కన పెట్టింది, ఆ శాపం సంగతి నమ్మవద్దు అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. “మరి పిట్టలు రాసింది గూడ గాళ్లే గద సారు?”

అవునన్నాను. ఒక చేత్తో శాపాన్ని, ఇంకో చేత్తో పిట్టలను తీసేస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. పిట్టలు నిజం, శాపం అబద్ధం అని చెప్పి ఉంటే ఆమెకు ఆ పూటకు తేలికయ్యేది. అలా తెంపి చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. లేనిదాన్ని ఆమెకు ఇవ్వలేను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడిస్తే బాగుండుననిపించింది, ఏడవలేదు.

ఫాతిమాబీ వెల్లుల్లి చాట పక్కకు నెట్టింది. “మా అమ్మ నాకు చెప్పినదాంట్ల పోరగాన్ని సంపిన ముచ్చట లేదు. అల్లా సెలవిచ్చిండు, పిట్ట లేచింది, గంతే. మీ పుస్తకంల జాగ లేకుంటే అవి మా ఇంట్ల ఉంటయి తీ ఎస్తేరూ. యాదికొచ్చినప్పుడల్లా రా.” నాకేసి తిరిగి, “మీకేమన్న తక్లీఫా సారు?” అని అడిగింది. నాకే ఇబ్బందీ లేదన్నాను. ఆ ఇంట్లో నా అధికారం చెల్లదని ఆమెకు నాకంటే ముందే తెలుసు.

మరుసటి వారం ఎస్తేరమ్మ తనంతట తానే వచ్చింది. పిట్టలు లేకుండా కథ మొదలుపెట్టింది. పుట్టుక, ఐగుప్తు సాఫీగా సాగాయి. పండుగ నుంచి తిరిగి వస్తూ మరియమ్మ పిల్లవాడు లేడని చూసుకోవడం, చుట్టాలలో వెతకడం, వచ్చిన దారినే వెనక్కి పోవడం ఆమె చెబుతుంటే గదిలో ఎవరమూ కదల్లేదు. దేవాలయం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టించాం, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి మైకు తానే పక్కకు జరిపింది.

“ఎతికిన దాక నేను చెప్త సారు,” అంది. “దొరికిండని ఇంకెవరితోటన్న చెప్పించుర్రి. అది నా నోట్లెకెళ్లి రాదు.”

ఒక కథకు ఒకే గొంతు ఉండాలని మా నియమం. గొంతు మారితే వినేవాళ్లు కథే మారిందనుకుంటారు. కారణం ఏమీ రాయకుండా ఆ నియమాన్ని పక్కన పెట్టాను. చివరి భాగం ఆమె తోటికోడలు చెప్పింది. అంకిస, బామ్ని ఊళ్లవాళ్ల ఫోన్లలో ఇప్పటికీ ఆ కథ అలాగే ఉంది. తల్లి వెతకడం ఒక గొంతులో, పిల్లవాడు దొరకడం ఇంకో గొంతులో.

ఏది లేఖనమో, ఏది కాదో తేల్చడం సలహాదారు పని. ఆ కథ ఈ రోజు నా ముందుకు వచ్చినా పిట్టలను తీసేయమనే అంటాను. లేఖనంలో ఉన్న ప్రతి మాటనూ ప్రతి మనిషి చేతా పలికించడం మాత్రం నా పని కాదని అంకిసలో నేర్చుకున్నాను.