సాబ్‌తో మాట్లాడడానికి ఆబిడ్స్‌కు

"నీకు మొగడు లేడా, మొగనికి జీతం లేదా? ఇగ పెద్ద నౌకరి ఎందుకు?" అన్నాను నేను.

"జీతం ముచ్చట గాదమ్మా. ఎనిమిదేండ్ల సంది చేస్తున్న. ఇప్పుడు వాళ్ళే పిలిచి మేనేజర్ చేస్తమంటున్నరు. నువ్వొచ్చి పిల్లను చూస్తే ఒప్పుకుంట. రాకుంటే వద్దని రాసిస్త," అంది నా బిడ్డ సుగుణ.

"గట్లనే రాసియ్యి. నేను బర్రెను ఇడిచిపెట్టి రాను."

"బర్రెకున్న విలువ నా మాటకు లేదు."

"బర్రె పాలిస్తది. నీ మాట ఏమిస్తది?"

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వికారాబాదులో మా ఇంట్లో జరిగిన మాటలివి. సుగుణ అన్నం కూడా తినకుండా మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది. ఆమె పని ఆబిడ్స్‌లో ఒక మందుల కంపెనీ ఆఫీసులో, కాపురం నాంపల్లిలో. మూడేళ్ళ కూతురు రూతును ఇన్నాళ్ళూ పక్కింటామె చూసింది. ఆమె వచ్చే నెల ఇల్లు మారుతోంది. బుధవారానికి కంపెనీకి జవాబు రాసివ్వాలి.

రాసిస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని ఆ కంపెనీ సాబ్ ఎవరో, ఆయనతోనే చెబుదామనుకున్నాను: పిల్లతల్లి, ఆమెకు అంత బరువు పెట్టొద్దని. బర్రెను రెండు రోజులకు మరదలు ఎస్తేరుకు అప్పజెప్పి మంగళవారం బయలుదేరాను.

వికారాబాదులో హైదరాబాదు ప్యాసింజరు ఏడూ నలభైకి. ఏడింటికే వెళ్తే కూర్చోను చోటు దొరుకుతుంది. టికెట్టు గుమాస్తా "రిటన్ ఇయ్యాల్నామ్మా?" అని అడిగాడు. వద్దన్నాను. చేరక ముందే తిరుగు బండికి డబ్బు కట్టడం నాకు అలవాటు లేదు, ఎన్నడూ కట్టలేదు. ఇంజనుకు దగ్గర పెట్టెలు ఎక్కకండి. బొగ్గు నుసి కళ్ళల్లో పడుతుంది, తెల్లచీర పాడవుతుంది.

నా ఎదురుగా సీతాఫలాల గంపతో ఒకామె కూర్చుంది. వారానికి మూడుసార్లు పట్నం పోతుందట. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారంది.

"వాళ్ళనెవరు జూస్తరు?" అన్నాను.

"మా అత్త. ఆమె గంప మోసినప్పుడు వాళ్ళత్త జూసింది. గంప ఇంట్ల గూసుంటే పండ్లు మురుగుతయి గదా."

నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. శంకర్‌పల్లిలో బండి ఇరవై నిమిషాలు ఊరికే నిలిచింది. ఖైరతాబాదులో సగం పెట్టె ఖాళీ అయింది. మీరు దిగకండి, నాంపల్లి చివరి స్టేషను. పదీ ఇరవైకి చేరాను.

బయట రిక్షావాళ్ళు చుట్టుముడతారు. ఆబిడ్స్‌కు రూపాయి అడిగారు. స్టేషను రోడ్డు పట్టుకొని తిన్నగా నడిస్తే పావుగంట. నడిచాను.

ఆఫీసు రెండో అంతస్తులో. తలుపు ముందు స్టూలు మీద నా ఈడు ప్యూను, పేరు యాదగిరి.

"ఎవరు గావాలమ్మా?"

"మీ సాబ్‌తోని మాట్లాడాలె."

"సాబ్ ఫోన్‌ల ఉన్నరు. జర గూసో."

బెంచీ మీద కూర్చున్నాను. మెడకు టై కట్టుకున్న ఒకాయన కాగితాలు పట్టుకొని తలుపు దగ్గర తల దువ్వుకున్నాడు. "సాబ్ ఎట్లున్నరు ఇయ్యాల?" అని యాదగిరిని అడిగాడు. "మీ కాగితం మంచిగుంటే మంచిగనే ఉంటరు," అన్నాడు యాదగిరి. లోపలికి వెళ్ళినాయన పది నిమిషాలకు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"తిట్టిన్రా?" అన్నాడు యాదగిరి.

"తిట్టలే. మళ్ళ రాసుకొని రమ్మన్నరు. తిడితేనే నయముండె."

గట్టి మనిషే అనుకున్నాను. ఇటువంటివాడి కింద నా బిడ్డ ఎట్లా నెగ్గుకొస్తోందో అని కూడా అనుకున్నాను. మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నాను. యాదగిరి మంచినీళ్ళు తెచ్చాడు. పన్నెండు దాటాక తలుపు తీసి "పో అమ్మా" అన్నాడు.

పెద్ద బల్ల, నల్ల టెలిఫోను. బల్ల వెనక సుగుణ. ఏదో కాగితం మీద సంతకం చేస్తూ తలెత్తింది.

"అమ్మా, నువ్వేంది గీడ?"

"సాబ్ ఏడి?"

వెనక నుంచి యాదగిరి అన్నాడు: "గామెనే సాబ్, అమ్మా."

"ఆడామెను మేడం అనరా?"

"మేడమంటే టైపు గొట్టేటామె. సంతకం జేసేటోళ్ళు సాబ్."

ఉన్నరు, రమ్మన్నరు అని గంటన్నర విన్నాను. ఆ మాటల్లో ఆడో మగో తెలియదు. నేనే మగమనిషిని అనుకొని కూర్చున్నాను.

యాదగిరి తలుపు వేసి వెళ్ళాడు. పాత సాబ్ బొంబాయికి బదిలీ అయి మూడు నెలలైందట. "అప్పటి సంది పని నాదే. పేరే రాలే," అంది సుగుణ.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమంటవో ఎరుకనే గదా. సాబ్‌తోని ఏం పని నీకు?"

"నా బిడ్డకు పెద్ద నౌకరి ఇయ్యొద్దని చెప్పనీకె వచ్చిన."

సుగుణ కలం మూత పెట్టి కుర్చీలో వెనక్కి ఆనింది. "చెప్పు మరి. వింటున్న."

"ఇంటికొచ్చినంక చెప్త," అన్నాను. ఇంటి తాళంచెవి తీసుకొని మెట్లు దిగాను.

వాళ్ళ ఇల్లు స్టేషను వెనక గల్లీలో, రెండు గదులు. పక్కింటికి వెళ్ళి రూతును తెచ్చుకున్నాను. నా చంకన ఉండి కూడా వాకిలి వైపే చూస్తోంది. ఐదింటికి అల్లుడు ప్రకాశం బడి నుంచి వచ్చి, చొక్కా విప్పి బిందె పట్టుకొని నల్లా దగ్గరికి పోయాడు. అక్కడ ఒకామె అంటోంది: "సారూ, మీ ఇంట్ల ఇద్దరు సార్లటగా?"

"ఔ. నేను చిన్న సారును," అన్నాడు. బిందె నిండింది, తెచ్చాడు.

ఆరు దాటాక సుగుణ వచ్చింది. పిల్ల కాళ్ళకు చుట్టుకుంది. ఒక చేత్తో పిల్లను ఎత్తుకొని, రెండో చేత్తో బియ్యం కడిగింది. నేను లేచి పిల్లను తీసుకోబోతే రాలేదు. సుగుణ చేతిలోని బియ్యపు గిన్నె తీసుకున్నాను. ఆ రాత్రి నౌకరి మాట ఎవరమూ ఎత్తలేదు.

బుధవారం పొద్దున సుగుణ బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి ఔనని, ఒకటి వద్దని. రెండూ ఇంగ్లీషు. నేను చదివింది మిషన్ బడిలో మూడో తరగతి.

"ఔనన్నది ఏది?" అన్నాను. చూపించింది. రెండోది తీసుకొని మడిచి పొయ్యిలో పెట్టాను.

"ఐతవారం నాడు ఫైలు ఇంటికి రావద్దు. నల్లా నీళ్ళు అల్లుడే తేవాలె. పిల్ల ముంగట ఇంగిలీషు మాట్లాడితే నాకు తెల్వదు, తెలుగుల మాట్లాడున్రి," అన్నాను.

"సరే సాబ్," అంది సుగుణ. సంతకం చేసింది.

నాంపల్లిలో తొమ్మిదిన్నర బండికి వెళ్ళాను. హైదరాబాదు నాకు పెద్దగా నచ్చలేదు. నీళ్ళకు వరస, నడవడానికి భయం. గుమాస్తా కిటికీలో నుంచి "వికారాబాదుకు ఒకటేనా?" అన్నాడు.

"రిటన్ ఇయ్యి. బర్రెను అప్పజెప్పి రేపొస్త," అన్నాను.