నిప్పు పక్కన నిండు బిందె

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఎండిన నేల మీద నీళ్ళు పుట్టించేవాడు ఆయనే. మందుపాతరల దారిలో నా అడుగులు కాచి, నన్ను తిరిగి నా గడపలోకి చేర్చినవాడు ఆయనే. మా సంఘంలో సాక్ష్యానికి నిలబడినప్పుడు ముందు ఈ మాట చెప్పి, తర్వాతే సంగతి చెబుతాను. ఇక్కడా అంతే.

మా జవాన్ల దళం పోస్టుకు చేరింది ఫిబ్రవరి చివర్లో. పాల్వంచ దాటి భద్రాచలం అడవిలోకి మళ్ళాం. తారు రోడ్డు ఆగిన చోట లారీ దిగాం. అక్కడి నుంచి నడక. మనిషికీ మనిషికీ మధ్య పది గజాల ఎడం. ముందు మందుపాతరలు వెతికేవాళ్ళు, వెనుక మేము. నా వీపు మీద రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. చేతిలో రైఫిలు. ఛాతీ జేబులో, ప్లాస్టిక్ కవరులో, లేఖనాల చిన్న పుస్తకం.

పోస్టంటే ఒక గుట్ట. పైన రేడియో స్తంభం, ఇసుక బస్తాల బంకర్లు మూడు, టెంట్లు, నల్లరంగు నీళ్ళ ట్యాంకు ఒకటి. ట్యాంకరు వారానికి ఒకసారి వచ్చేది, అదీ బాట తనిఖీ అయ్యాకే. అడవిలో తిరిగే గస్తీల మాటలు అందుకుని బేస్‌కు చేర్చడం మా పని. పగలు ఎండ మాడ్చేది. పొద్దు వాలగానే వాగు మీదుగా చలి లేచేది. తెల్లవారేసరికి రైఫిలు గొట్టం మంచుతో తడిసి ఉండేది.

గుట్ట మీద తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను, మా వంటవాడు. అతనిది విజయనగరం వైపు. కమాండర్ హవల్దార్ రాజస్థాన్ ఎడారి ఊరివాడు. అక్కడ మాటలన్నీ హిందీలోనే నడిచేవి.

పడమర వైపు చూస్తే పాల్వంచ పొగగొట్టాలు సన్నగా కనిపించేవి. వాటి అవతలే చండ్రుగొండ, మా ఇల్లు. ఎక్కడున్నామో ఇంట్లో చెప్పకూడదని ఆర్డరు. ఫోను సిగ్నల్ ఒక బండ మీద మాత్రమే దొరికేది.

"ఏడున్నవ్?" అని అడిగేది నా భార్య.

"దూరం."

"ఆడ చలి ఉందా?"

"ఉంది."

"ఈడ గూడ మస్తు చలి వెడుతుంది," అనేది.

ఆ చలీ ఈ చలీ ఒకటేనని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఫోను పెట్టేశాక ఆ బండ మీదే కాసేపు కూర్చునేవాణ్ణి. ఆదివారం పొద్దున మా సంఘంలో పాట మొదలయ్యే వేళకు నేను హెడ్‌ఫోన్ తగిలించుకుని పెదవులు మాత్రం కదిలించేవాణ్ణి. గొంతు విప్పితే రేడియోలో పిలిచేవాడి మాట వినపడదు.

గుట్ట కింద పది పన్నెండు ఇళ్ళ గూడెం ఉంది. మేము వెళ్ళేసరికి దాదాపు ఖాళీ. అందరూ మిరప కోతలకు ముదిగొండ వైపు పోయారు. ఒక్క ఇంట్లో మాత్రం పొగ లేచేది. ఒకరోజు పొద్దున కాపలావాడు చెప్పాడు: "ఆ ఇంటి ముసలామె మాటిమాటికీ వచ్చి గూడెం నల్లా తిప్పుతోంది. బిందె పెడుతోంది. ఖాళీ బిందె తీసుకుపోతోంది."

కమాండర్ నన్ను చూశాడు. "నీ భాష. వెళ్ళి కనుక్కో. లోపలికి పోవద్దు. ఒక్కడివే పోవద్దు."

వంటవాడు రైఫిలు పట్టుకుని నా వెనుక వచ్చాడు.

గడ్డికప్పు ఇల్లు. మట్టి గోడలు. ముసలామె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆడనే ఉండు సారూ. లోపల బాలింత ఉంది."

"ఏమైందవ్వా? నల్లా వస్తలేదా?"

"వస్తే తిప్పుడెందుకు?"

వంటవాడు నవ్వు ఆపుకున్నాడు. ఆమె నవ్వలేదు. చెయ్యెత్తి గుట్ట వాలు చూపించింది. చెట్ల మధ్య నేల నల్లగా మాడి ఉంది.

గూడేనికి నీళ్ళు వాలు మీది ఊట నుంచి వస్తాయి. ఆ ఏడాదే కొత్తగా నల్ల ప్లాస్టిక్ పైపు వేశారు. పూడ్చలేదు, నేల మీదే పరిచారు. అది ఇప్పచెట్ల కింది నుంచి వస్తుంది. ఇప్పపువ్వు రాలే ముందు ఆ చెట్ల కింద రాలిన ఆకు కాల్చడం వాళ్ళ పద్ధతి. నేల శుభ్రంగా ఉంటేనే పువ్వు ఏరుకోవచ్చు. నిప్పు పెట్టినవాళ్ళు పచ్చికొమ్మ పట్టుకుని అక్కడే నిలబడతారు. అంచు దాటబోతే కొడతారు. ఈమె కూడా అలాగే నిలబడింది. కూతురు కూడా వెంట వెళ్ళి ఏటవాలున కూర్చుంది. కడుపుతో ఉంది, కానుపుకు ఇంకా నెల ఉంది. అప్పుడే నొప్పులు వస్తాయని ఎవరూ అనుకోలేదు.

"నా బిడ్డ నొప్పులకు ఒర్లింది," అంది ముసలామె. "కొమ్మ ఆడనే పారేసి ఉరికిన. బిడ్డను పట్టుకోని ఇంటికొచ్చిన. నిప్పు దాని దారిన అది పోయింది. పైపు కరిగిపోయింది."

లోపలి నుంచి పసిపిల్ల ఏడ్పు వినిపించింది. పిల్లి కూన అరిచినంత సన్నగా. గుమ్మంలోంచి చూస్తే నులక మంచం, దాని పక్కన మట్టి గట్టు కట్టిన గుంటలో కట్టెల నిప్పు. నిప్పుకు చేరువలో నీళ్ళ గోలెం. రవ్వ లేచి కప్పు అంటుకుంటే ఆ నీళ్ళే దిక్కు. గోలెం అడుగున చారెడు కూడా లేవు.

"నీళ్ళు లేని ఇంట్ల నిప్పు పెట్టొద్దు. నిప్పు లేకుంటే ఈ పిల్ల బతకది. ఏం జెయ్యాల్నో నువ్వు చెప్పు," అంది ఆమె. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిల్ల పుట్టినప్పటి నుంచి రవ్వల మీద కన్నేసి కూర్చుందట.

"ఊట దగ్గరికి పోయి తెచ్చుకోరాదా అవ్వా?"

"మైలల ఉన్నం. ఊరంత తాగే నీళ్ళు. పురుడు చేసి మైల తీరందే మేం ముట్టొద్దు. పైపుల నడిచొచ్చిన నీళ్ళకు మైల లేదు. ఆడికి పోయి ముంచొద్దు."

"ఊళ్ళో ఎవరూ లేరు కదేటి? సూసేదెవరు?" అన్నాడు వంటవాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "ఊట ఉంది గద," అంది.

ఎవరూ చూడని చోట కూడా చూసేవాడు ఒకడున్నాడని నేను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ మాట మా సంఘం బయట, ఆ గుమ్మంలో, ఇంకో రూపంలో వింటానని అనుకోలేదు.

పైకి వచ్చి రేడియో ఎత్తాను.

"బేస్, ఇది గుట్ట. నెల తక్కువ పుట్టిన పసిపిల్ల, తల్లి. బండి కావాలి. ఓవర్."

కాసేపటికి డాక్టరు లైన్లోకి వచ్చాడు. "పిల్లను తల్లి ఒంటికి ఆనించి కప్పి ఉంచమను. గది వెచ్చగా ఉండాలి. తల్లికి నీళ్ళు బాగా తాగించండి. బాట తనిఖీ ఇంకా కాలేదు. రెండు రోజులు పట్టొచ్చు. ఓవర్."

కమాండర్ ట్యాంకు దగ్గరికి వెళ్ళి పిడికిలితో తట్టాడు. సగం కిందికి దిగాకే గుల్ల చప్పుడు ఆగింది.

"ఈ రోజు నుంచి స్నానాలు లేవు. గడ్డాలు గీసుకోవడాలు లేవు," అన్నాడు. తన గడ్డం తడుముకున్నాడు. "నాకు కూడా."

నేను రెండు జెర్రీ క్యాన్లతో దిగడం, ఖాళీవి తీసుకుని ఎక్కడం. కింద నీళ్ళు, పైన రేడియో. వంటవాడు కాపలాగా వస్తూ, "ఏటి గురూ, నీళ్ళ బండికి డ్రైవరు పోస్టు కూడా నీకే ఇచ్చీసినారా?" అనేవాడు. తర్వాత ఒక క్యాను తనే లాక్కునేవాడు.

ఆ నీళ్ళు తాగడానికే సరిపోయేవి. గోలెం నిండేది కాదు. రెండో పొద్దున కమాండర్ స్వయంగా వాలు ఎక్కి కాలిన పైపు చూసి వచ్చాడు. మధ్యలో ముప్ఫై నలభై గజాలు పోయింది. అటూ ఇటూ బాగానే ఉంది. పైపు తెప్పించే దారి లేదు. చుట్టూ మాత్రం వెదురే.

బొంగులు నరికాం. నిలువునా చీల్చి దోనెలు చేశాం. ముసలామె ఊటకు దూరంగా, కాలిన నేల అంచున నిలబడి అరిచేది. "కణుపులు కొట్టు. అట్ల కాదు, ఒకదాని మూతి ఇంకోదాని మీద పడాలె." కమాండర్‌కు తెలుగు రాదు. ఆమెకు హిందీ రాదు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటూ పని సాగించారు. మధ్యలో నేను అనువాదం చేయబోతే, "ఆయనకు తెలుస్తది, నువ్వు కొడవలి ఆడించు," అంది.

పొద్దు వాలేవేళకు నల్లా దగ్గుతూ గాలి వదిలింది. తర్వాత మసి నీళ్ళు. తర్వాత తేట నీళ్ళు. ఆమె గోలెం నింపింది. బిందె నింపి అది కూడా నిప్పు పక్కన పెట్టింది. గుమ్మంలోంచి చూశాను. బిందె మూతిలో ఆ నిప్పంతా ఎర్రగా కదులుతోంది. ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని అక్కడికక్కడే నిద్రపోయింది.

మర్నాడు బండి వచ్చింది. తల్లీపిల్లను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలి. ముసలామె కూడా వెళ్ళాలి. బండి ఎక్కబోతూ ఆగి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, పురుడయ్యేదాక ఈ నిప్పు ఆరొద్దు. మేమొచ్చేదాక చూస్తవా?"

నేను తటపటాయించాను. "నేను మీ దేవుణ్ణి కొలిచేటోణ్ణి కాదవ్వా."

"కొల్వమన్ననా? కట్టె ఎగదొయ్యమన్న."

"పిల్ల పేరేంది?"

"పురుడు కాందే పేరెట్ల పెడ్తరు?" అని ఎక్కి కూర్చుంది. తల్లి పిల్లను చీర లోపల పొదివి పట్టుకుంది. పిల్ల ముఖం నాకు కనపడలేదు.

పొద్దునా సాయంత్రం ఆ ఇంటికి దిగాను. కమాండర్ వద్దనలేదు. వంటవాడు వాకిట్లో కాపలా. నేను లోపల, ఒక్కణ్ణే. ఖాళీ మంచం. దండెం మీద పాత చీర గుడ్డలు. కట్టె ఎగదోసేవాణ్ణి. ముందు గోలెం చూసేవాణ్ణి, తర్వాత నిప్పు. వాగు ఎండిపోయేదాకా దాని ఒడ్డున ఒంటరిగా కూర్చున్న ప్రవక్త సంగతి ఆదివారం బడిలో నేర్చుకున్నాను. తర్వాత అతణ్ణి దేవుడు పంపింది పుల్లలు ఏరుకుంటున్న ఒక విధవరాలి దగ్గరికి. ఆమె మరో జనానికి చెందినది. ఆ పాఠం ఎన్నో సార్లు చెప్పాను కూడా. ఆ ఇంట్లో కూర్చున్నాకే అది నాలో దిగింది. అక్కడ గొంతు విప్పి పాడాను. ఆ పోస్టులో నా గొంతు నేను విన్నది ఆ ఇంట్లోనే.

రోజూ బేస్‌ను అడిగేవాణ్ణి. "పిల్ల ఎలా ఉంది? ఓవర్."

"ఆ సమాచారం మా దగ్గర లేదు. ఔట్."

ఒక సాయంత్రం ఆర్డరు వచ్చింది. పోస్టు ఎత్తేస్తున్నారు. తెల్లవారి కదలాలి. గూడెం ఇంకా ఖాళీయే.

కమాండర్ పొద్దున నాతో పాటు ఆ ఇంటికి వచ్చాడు. "ఆర్పేసి రా," అన్నాడు. "మనిషి లేని ఇల్లు."

పెద్ద మొద్దు ఒకటి గుంటలో పెట్టాను. నిప్పులు దాని చుట్టూ చేర్చి బూడిద దట్టంగా కప్పాను. పైకి మంట లేదు, పొగ మాత్రం సన్నగా లేచింది. కమాండర్ గుమ్మంలో నిలబడి చూశాడు. బయట నల్లా కింద నీళ్ళు పొర్లుతున్నాయి. వెళ్ళి బిందె తనే నింపి తెచ్చాడు. ఆ ఇంట్లోకి అతను అడుగుపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

"దగ్గరగా పెట్టు," అన్నాడు.

తలుపు తాడుతో కట్టాను. వరుసలో నా చోటికి వెళ్ళి నడిచాను.

సెలవు మీద ఇంటికి వస్తే నా భార్య నీళ్ళు పోసుకోవడానికి కాగు పెట్టింది. నేను పొయ్యి దగ్గర నిండు బిందె ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. "గదెందుకు?" అంది. అప్పుడు చెప్పాను, ఎక్కడున్నానో. ఆమె కాగు కింద కట్టె ఎగదోసింది. తర్వాత, "గింత దగ్గరుండి," అంది.

ఉద్యోగం అయిపోయాక, పోయిన ఫిబ్రవరిలో, బండి మీద అక్కడికి పోయాను. గుట్ట మీద ఏమీ మిగల్లేదు. గూడెం ఖాళీ. మళ్ళీ మిరప కోతలు. ఆ ఇంటి తలుపు తాడుతో కట్టి ఉంది. అడగడానికి మనిషి లేడు. వాలు ఎక్కి ఊటకు దూరంగా ఆగాను. మా దోనెలు అలాగే ఉన్నాయి. ఎండలకు బూడిద రంగు తిరిగి, పగుళ్ళిచ్చి, నాచు పట్టి. వాటి వరుస మధ్యలో ఒకటి మాత్రం పచ్చగా ఉంది. ఈమధ్యే నరికిన బొంగు. కణుపులు కొట్టి, దాని మూతి కింది దోనె మీద సరిగ్గా పడేట్టు పెట్టారు. నీళ్ళు దాని మీదుగా చప్పుడు చేయకుండా పోతున్నాయి.

కళ్ళు మూసినా తెరిచినా ఆ పచ్చ బొంగే కనిపిస్తుంది. నరికిన చెయ్యి ముసలిదో, పడుచుదో తెలియదు. ఆ పిల్ల ఉందో లేదో అది చెప్పదు. ఉంటే ఈపాటికి నల్లా దాకా నడిచి వస్తుంటుంది.

పేరు తెలియని పిల్ల కోసం రోజూ ప్రార్థన చేస్తాను. పేరు పెట్టకముందే ఎరిగినవాడు ఆయన ఉన్నాడు కదా. ఇది చదివిన మీరు ఏ పేరున దేవుణ్ణి పిలిచినా సరే, ఈ పూట పొయ్యి దగ్గర నీళ్ళు పెట్టుకున్నప్పుడు ఒక్క నిమిషం నాతో కలవండి. తండ్రీ, ఆ ఇంట్లో నిప్పు ఆరనియ్యకు. ఆ దోనెలో నీళ్ళు ఆగనియ్యకు. ఆమెన్.