పెంకుతో కలిసిన మట్టి

తాత సమాధిలో అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. నేను వెయ్యలేదు. నా గుప్పెడు చేతిరుమాల్లో మూటగట్టి సంచిలో పెట్టుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ మట్టి పరీక్ష ఫలితం ఈరోజు వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

వినుకొండ అవతల తాత కౌలుకు చేసే మిరపచేలో, గుంట తవ్వుతుంటే ఒక కుండపెంకు దొరికింది. లోపల నలుపు, బయట ఎరుపు, అంచు నున్నగా ఉండేది. దాన్ని కిటికీలో బైబిల్ పక్కన పెట్టి, ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారికి కూడా ముందు దాన్నే చూపించేవాడు. ఇది మన నేలదేనని తాత అంటే, చేను ఆసామి చూసి నవ్వాడు. "మీది ఏ ఊరో మీకే తెలీదు, దాని ఊరు చెప్తావేంట్రా? ఎక్కణ్ణుంచో పడవలో వచ్చుంటది," అన్నాడు. తాత తల గోక్కుని, "ఏమోనండి బాబుగారూ, మీదని కూడా దానిమీద రాసిలేదు గదండీ," అన్నాడు. నవ్వుతూనే అన్నాడుగానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మన నేలదో కాదో తేల్చమని పెంకు నా చేతికిచ్చాడు.

నేను గుంటూరులో పాత కుండల్ని పరీక్షించే ల్యాబులో మేడంగారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. పెంకు ముక్కను వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి, మైక్రోస్కోపు కింద ఇసుక రేణువులు చూస్తాం. ఇంకో ముక్కను పొడిచేసి అందులో ఏ లోహం ఎంతుందో కొలుస్తాం. పోల్చడానికి ఆ ఊరి మట్టి కూడా కావాలి. చేలోంచి నేను తెచ్చిన మట్టిలో రాగి విపరీతంగా తేలింది. అది మిరపకు కొట్టిన మందులదని, బాగా లోతు మట్టి తెమ్మని మేడం అన్నారు. పెంకు పని పూర్తయ్యాక ఒకేసారి వెళ్దామని ఆ ఆదివారం ఆగిపోయాను. ఆ వారంలోనే తాత గుండె ఆగింది.

మా శ్మశానం ఆ చేను గట్టు అవతలే. గొయ్యి అడుగునుంచి ఎత్తిపోసిన మట్టి జిగటగా, ఏ మందూ తగలకుండా ఉంది. అందరూ పాట పాడుతుంటే నేను దాని రంగు చూస్తున్నాను. కన్నీటి చుక్కయినా రాలేదని అత్త కోప్పడింది.

పెంకులోవీ ఆ మట్టిలోవీ రేణువులూ లోహాలూ రెండూ కలిశాయి. ఆ కుండ అక్కడి మట్టితోనే చేసి ఉంటారని మేడం అన్నారు. ఆసామికి చెప్పాలనిపించలేదు. చెప్పాల్సినవాడు ఆ మట్టిలోనే ఉన్నాడు.

వేల ఏళ్ల లెక్కలతో రోజూ పనిచేసేదాన్ని, ఒక వారం ఎంత పెద్దదో తెలుసుకోలేకపోయాను. పని తేలాకే వస్తానని ఫోనులో చెప్పాను. తాత మెల్లగా, "పెంకుదేముందే, అదెక్కడికి పోద్ది. నువ్వొకసారి వచ్చిపో తల్లీ," అన్నాడు.