ఒక ఫోన్ నంబరు, పదకొండు మంది కళ్లు

మా కంటి దవాఖాన కంప్యూటర్లో ఒక పేషెంటు ఉండేవాడు. వయసు ఒక పేజీలో డెబ్బై రెండు, ఇంకో పేజీలో తొమ్మిది. సోమవారం మగవాడు, గురువారం ఆడమనిషి. కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ రెండుసార్లు, ఎడమ కంటికి మూడుసార్లు అయినట్టు రాసి ఉండేది. అన్ని ఆపరేషన్లయ్యాక కూడా బడికి వెళ్లడానికి కళ్లద్దాలు కావాలని వచ్చేవాడు. ఊరు మాత్రం మారేది కాదు. గద్వాల నుంచి ధరూర్ దాటి కృష్ణ వైపు వెళ్తే వచ్చే ఒక పల్లె.

ఆ దవాఖానలో నేను రిజిస్ట్రేషన్ కౌంటర్ ఇన్‌చార్జిని. గద్వాలలో పెద్ద దవాఖాన, వనపర్తిలో, నాగర్‌కర్నూల్లో చెరొక చిన్న క్లినిక్. మూడింటికీ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలని మా డాక్టరు గారి కోరిక. వనపర్తిలో చూపించుకున్న మనిషి గద్వాలకొస్తే మళ్లీ మొదటి నుంచి కథ చెప్పుకోకూడదన్నది ఆయన ఉద్దేశం. ఆ పని నాకు అప్పగించి, అద్దం వెనక కొత్త గది, తిరిగే కుర్చీ ఇచ్చారు. అప్పటిదాకా నేను దవాఖాన ముందు కళ్లద్దాల షాపులో ఫ్రేములు చూపించేవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి నా కాళ్లు నేల మీద నిలిచినట్టు గుర్తు లేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి, మనిషిని దేంతో గుర్తుపట్టాలని అడిగారు. పేరుతో కుదరదన్నాను. మా వైపు ఒక్కో ఊర్లో ఒకే దేవుడి పేరు ఇంటికొకరికి ఉంటుంది. "ఫోన్ నంబరు పెట్టండి. ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికి?" అని నేనే చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, కాగితం మీద రాసి, కింద పొడుగ్గా సంతకం కూడా పెట్టాను.

అసలు గొడవ రక్త పరీక్ష రోజు బయటపడింది. ఆ పల్లెలో ఒక ముసలాయనకు ఆపరేషన్‌కు ముందు షుగర్ చూడాలి. కంప్యూటర్ తనంతట తనే మెసేజ్ పంపింది. "గౌరవనీయులైన పేషెంటు గారికి, రేపు ఉదయం ఏమీ తినకుండా రావలెను." ఆ వాక్యం కూడా నా చేతి చలవే. మర్నాడు పొద్దున్నే దవాఖాన ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి పదకొండు మంది దిగారు. ఒక్క ఆటోలో అంతమంది ఎలా పట్టారని అడిగేవాళ్లు మా వైపు వాళ్లు కారు. పదకొండు మందిలో ఒక్కరూ చాయ్ చుక్క ముట్టలేదు. పత్తి చేనుకు పోవలసిన ఆడవాళ్లు, కల్లం పని వదిలి వచ్చిన రైతులు, ఆకలికి ఏడుస్తున్న ఒక బడిపిల్ల, అందరూ వరండాలో వరసగా కూర్చున్నారు.

ఆటో నడిపే ఆయనకు అరవై ఏళ్లుంటాయి. ఊరంతా చాచా అంటుంది. నేను ఆయన మీద కస్సుమన్నాను. ఆయన ఫోన్ తీసి చూపించాడు.

"సార్, గౌరవనీయులైన అని రాసిన్రు గద. మా ఊర్ల గౌరవం లేనోడు ఎవడున్నడు? ఒక్కని తెస్తే మిగిలినోళ్లు నన్ను ఊర్లకు రానిస్తరా? అందర్ని తీస్కొచ్చిన."

పదకొండు మందీ ఇచ్చింది ఆ చాచా నంబరేనని అప్పుడు తెలిసింది. ఒకే నంబరు కాబట్టి కంప్యూటర్ వాళ్లందరినీ ఒకే మనిషి కింద కట్టిపడేసింది. డాక్టరు గారు బయటికొచ్చి, వాళ్లకు ఇడ్లీలు తెప్పించి, తర్వాత నన్ను లోపలికి పిలిచారు.

"ఏందయ్యా గిది? ఒకరి కన్ను బదులు ఇంకొకరి కన్ను కోస్తే జైలుకు ఎవరు పోవాలె? ఒక్క నెల చూస్త. గప్పటికి సక్కగ గాకుంటే కంప్యూటర్ బంద్, మల్ల రిజిస్టర్లే. నువ్వు ఆ కుర్చీ దిగి ఎప్పటిలెక్క ఫ్రేములు చూపించుకో."

"కంపెనీవాళ్లు తప్పు చేసిన్రు సార్," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఇంటికెళ్లేసరికి నేనే నమ్మేశాను.

కుర్చీ నిలబెట్టుకోవడానికి నేను చేసిన మొదటి పని బోర్డు పెట్టించడం. "సొంత ఫోన్ నంబరు మాత్రమే చెప్పవలెను." దాని ఫలితం మూడు రోజుల్లోనే కనిపించింది. సొంత నంబరు తెలియనివాళ్లు చాచా నంబరే చివరి అంకె మార్చి చెప్పడం మొదలుపెట్టారు. ఒక మెసేజ్ ఆత్మకూరులో చికెన్ సెంటర్ ఆయనకు పోయింది. పాపం ఆయన దుకాణం మూసుకుని బస్సెక్కి వచ్చాడు. "సార్, నా కండ్లకు ఏమైంది? నాకైతే మంచిగనే కనిపిస్తున్నయ్," అన్నాడు. ఆయన పరేషాన్ చూడలేక డాక్టరు గారు ఉచితంగా పరీక్ష చేసి పంపారు. నా వైపు చూసిన చూపు మాత్రం ఉచితం కాదు.

ఆ వారంలోనే ఆయన హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్‌ను పిలిపించారు. ఇలాంటి పనులు గాడిన పెట్టడమే ఆమె వృత్తి అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా ఊరి సంగతి బయటి మనిషికేం తెలుసు? పెద్ద కారులో దిగి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి పోతుందనుకున్నాను. ఎందుకైనా మంచిదని నాలుగు పేజీల ఫిర్యాదు సిద్ధం చేశాను. అందులో కంపెనీ, నర్సులు, పేషెంట్లు, కరెంటు, ఇంటర్నెట్ అందరూ ఉన్నారు. నేనొక్కణ్ణే లేను.

ఆమె ఆర్టీసీ బస్సు దిగి, టిఫిన్ డబ్బాతో నడుచుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. నా నాలుగు పేజీలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"తర్వాత చదువుతానండి. ముందు వాళ్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోవచ్చా?" అంది.

రెండు రోజులు వరండాలో బెంచీ మీదే కూర్చుంది. కంప్యూటర్ ముఖం చూడలేదు. నేను అద్దంలోంచి చూస్తూ లోలోపల సంతోషించాను. ఈమె వల్ల ఏదీ కాదు, కాకపోతే తప్పు ఆమె మీదికి పోతుంది. మూడో రోజు చాచా ఆటో ఎక్కి ఆ పల్లెకు పోయింది. సాయంత్రం జుట్టు నిండా దుమ్ముతో తిరిగొచ్చింది.

"మీ కంప్యూటర్ కంటే ఆయన నయమండి," అంది నవ్వుతూ. "ఆడవాళ్ల ఫోన్లు వాళ్ల దగ్గర ఉండవు. ఉన్నా మెసేజ్ చదవలేరు. చదివేది ఆయన, గల్లీ గల్లీకి పోయి చెప్పేది ఆయన, తెచ్చేది ఆయన. ఎవరి చుక్కల మందు ఎప్పుడు అయిపోతుందో కూడా ఆయనకు తెలుసు. ఆపరేషన్ అయిన కంటికి గాలి కొట్టకుండా ఎవరిని ఏ పక్క కూర్చోబెట్టాలో లెక్క ప్రకారం కూర్చోబెడతాడు."

ఇన్నేళ్లుగా ఆ ఆటో వస్తూ పోతూ ఉంది. అందులో ఎవరు ఎటు కూర్చున్నారో నేను ఒక్కసారీ చూడలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "కంపెనీవాళ్లను మొదటి కాగితాలు అడిగి తెప్పించుకున్నాను. మీ సంతకం చాలా బాగుందండి." ఫోన్ నంబరు పెట్టమని నేను రాసిన కాగితం ఇప్పుడు ఆమె దగ్గరుంది. ఆమె డబ్బా ఊపుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు డాక్టరు గారి గదిలో మీటింగు. ఆమె చెప్పింది కొంచెమే. మనిషికొక రిజిస్ట్రేషన్ నంబరు, ఫొటోతో చిన్న కార్డు. ఫోన్ నంబరు దగ్గర "మీది చెప్పండి" అని కాక "కబురు ఎవరికి చెప్పాలి?" అని అడగాలి. మెసేజ్‌లో పేరు, ఊరు ఉండాలి. ముందు గద్వాలలో కుదిరాకే వనపర్తి, ఆ తర్వాత నాగర్‌కర్నూల్. అక్కడ ఇంకేం ఉందో మళ్లీ బెంచీ మీద కూర్చుని చూడాలి. ఆమె చెప్పింది నిజమే. వనపర్తిలో సగం మంది మందుల షాపు నంబరు ఇస్తున్నారని, నాగర్‌కర్నూల్లో అయితే ఎక్కడో కూలికి పోయిన కొడుకుల నంబర్లు ఇస్తున్నారని తర్వాత తెలిసింది.

డాక్టరు గారికి కోపం ఇంకా చల్లారలేదు. "గీ మాత్రం తెల్వని కంపెనోళ్లు నాకొద్దు. వాళ్లను తీసేసి కొత్తోళ్లను పెడదాం," అన్నారు.

కొత్తవాళ్లంటే మళ్లీ మొదటి నుంచి. అంటే ఆయన పెట్టిన నెల గడువులో ఈ పని కాదు. ఆమె నా వైపు చూడలేదు. కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది. ఆ కాగితాల్లో ఏది పైకొస్తుందోనని నేను చెమటలు కక్కుతున్నాను. ఒక్క మాట చెబితే కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఇంకొన్నాళ్లు కుర్చీ ఉంటుంది, దాని ముందు కంప్యూటర్ ఉండదు. భయంతో చెప్పానో సిగ్గుతో చెప్పానో ఇప్పటికీ తెలియదు.

"సార్, ఫోన్ నంబరు పెట్టుమన్నది నేనే. సంతకం గూడ నాదే."

"ఇన్ని దినాల నుంచి చెప్పకపోతివి గదయ్యా," అన్నారు డాక్టరు గారు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత ఆమెను అడిగారు, ఇప్పుడు ఇతన్ని ఏం చేయాలని.

"అద్దం ఇవతలికి పంపండి," అంది ఆమె.

అలా నా కుర్చీ పోయింది. తిరిగే కుర్చీలో ఒక టైపింగు తెలిసిన అమ్మాయిని కూర్చోబెట్టారు. నాకు వరండాలో ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీ, కార్డులు, ఫొటో తీయడానికి ఒక ఫోన్ ఇచ్చారు. ఇంట్లో మా ఆవిడకు ప్రమోషన్ అని చెప్పాను. ఆమె నమ్మలేదు.

మొదటి రోజు చాచా ఆటోలోంచి మొదట దిగింది ఒక పెద్దామె. రెండు కళ్లకూ మా దగ్గరే ఆపరేషన్ అయింది. పేరు, ఊరు రాసుకున్నాను. కబురు ఎవరికి చెప్పాలమ్మా అంటే, చాచా నంబరు గడగడా అప్పజెప్పింది.

"ఆయనకు ఫోన్ చేస్తే నీకు చెప్తడా?" అని అడిగాను.

"చెప్పకుంటే మా గల్లీల ఆటో తిప్పగలడా?" అంది. కార్డు తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని తన ఫొటో చూసుకుంది. తర్వాత తలెత్తి, నా ముఖంలోకి తేరిపార చూసింది.

"మంచిగ మాట్లాడుతున్నవ్ సారూ. నేను నాలుగుమాట్ల వచ్చిన, నిన్ను ఎన్నడు చూడలే. ఈ దవాఖానకు కొత్తగ వచ్చినవా?"

ఆ నాలుగుసార్లూ అద్దం వెనక నుంచి ఆమెకు చీటీ రాసిచ్చింది నేనే.

"అవునమ్మా," అన్నాను. "ఇయ్యాలనే వచ్చిన."