పేపర్ ప్లేట్ల సుజాతను వెతుక్కుంటూ

ఉదయం ఆరున్నరకు ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సెక్కాను. రెండేళ్ల కిందట ఒక కంపెనీ సేవానిధి తరఫున ఆ వైపు ఊళ్లలో ఆడవాళ్లకు పేపర్ ప్లేట్ల తయారీ నేర్పింది నేనే. వాళ్లలో ఒకరి విజయగాథ, ఫోటోతో సహా, ఇప్పుడు కంపెనీవాళ్లు కావాలన్నారు. నాకు మొదట గుర్తొచ్చింది కోదాడ దగ్గర చిలుకూరులో ఉండే సుజాత. బడిలో మధ్యాహ్న భోజనం వండే పని మానేసి వచ్చిందామె. మానమన్నది నేనే. ఆమె పాత నంబరు పనిచేయడం లేదు.

తొమ్మిదింటికి సూర్యాపేటలో దిగి, ఇడ్లీ తిని, ఆ ఆడవాళ్ల ప్లేట్లు అమ్మిపెట్టే దుకాణానికి నడిచాను. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

"వాళ్లు ఖాళీ చేసి ఏడాది దాటింది మేడమ్. కంపెనీ ప్లేట్లు కొన్నన్ని దినాలే దుకాణం నడిచింది," అన్నాడు దుకాణదారు.

కంపెనీ తన క్యాంటీన్లకు ఆ ప్లేట్లు కొనేది. ప్రాజెక్టు గడువు ముగిశాక ఆపేసింది. అంతవరకు నాకు తెలుసు. తర్వాత వాళ్లేమయ్యారో కనుక్కోలేదు.

పదింటికి కోదాడ బస్సు. పక్కనున్న పెద్దావిడ ఒళ్లో పేపర్ ప్లేట్ల కట్ట. మనవడి పుట్టినరోజుకట. "ఫ్యాక్టరీలల్ల చేసినయి లారీల మీద వస్తయమ్మా. మస్తు అగ్గువ, సగం ధరకే," అంది.

కోదాడ నుంచి ఆటోలో చిలుకూరు చేరేసరికి పన్నెండైంది. సుజాత ఇంటికి తాళం. వసారాలో ప్లేట్ల మిషన్ మీద పాత చీర కప్పి ఉంది.

"మిర్యాలగూడ మిల్లుల పని దొరికిందని పోయింది," అంది పక్కింటామె. "ఆ మిషన్ సప్పుడు విని ఎన్నాళ్లాయెనో."

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరి, ఆమె చెప్పిన రైస్ మిల్లు గేటు దగ్గర నిలబడేసరికి నాలుగు కావస్తోంది. తలకు గుడ్డ కట్టుకుని, చీపురుతో, ఒంటినిండా ఊక దుమ్ముతో సుజాత వచ్చింది. నన్ను చూసి నవ్వింది.

"అప్పట్ల ఫోన్ ఎందుకు ఎత్తలేదు మేడమ్? శానాసార్లు చేసిన."

పనిలో ఉండి చూసుకోలేదన్నాను. అబద్ధం. ప్రతిసారీ ఆమె పేరు కనిపించేది.

"బళ్లె వంటకు వేరేటామెను పెట్టుకున్నరు. పోయి అడిగిన, ఇగ కుదరదన్నరు." కంపెనీవాళ్లు ఫోటో అడిగారని చెప్పాను. "ఫోటో తీస్తరా? జర ఆగుండ్రి, మొహం కడుక్కొని వస్త. నన్ను సూస్తే కంపెనీవాళ్లు మళ్ల కొంటరేమో," అంది.

కొనరని తెలిసీ ఫోన్‌లో కెమెరా తెరిచాను. తడి మొహం కొంగుతో తుడుచుకుని, మిల్లు గోడ ముందు నిటారుగా నిలబడింది. తీశాను.

సాయంత్రం సికింద్రాబాద్ రైల్లో కూర్చుని ఫోటో పంపాను. కంపెనీ ఆఫీసు నుంచి వెంటనే ఫోన్.

"నవ్వు బాగుంది మేడమ్. ఫోటోలో వెనక గోడ తీసేస్తాం."

"ఆమె ఇప్పుడు మిల్లులో ఊడుస్తోంది."

"అది రాయకండి. వచ్చే నెల వాడపల్లిలో కొత్త బ్యాచ్, ముప్పై మంది. వస్తారు కదా?"

రానని చెప్పాల్సింది. చూస్తానన్నాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒక్కరోజులో సులువుగా చుట్టి రావచ్చు. నేను ఏడాది ముందే వెళ్లాల్సింది.