రాజుగారు నమ్మని మంచి రిపోర్టు

పొద్దున్నే మా ల్యాబ్ తలుపు తీస్తే ముందుగా తగిలేది స్పిరిట్ వాసన కాదు, నొప్పుల బామ్ వాసన. రాజమండ్రిలో మేమున్న వీధి నిండా ఎముకల డాక్టర్లే. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన పెద్దవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటూ ఉంటారు. మొన్న వాళ్ళలో ఒకావిడ మోకాలి మీద నిలువునా పాత కోత గుర్తు కనబడింది. కీలు మార్పించుకున్న మోకాలు. దాని మీద బామ్ దట్టంగా పట్టించుకొచ్చింది. మార్చిన మోకాలికి బామ్ ఎందుకమ్మా అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆవిడ పక్కన కూర్చుని అడగవలసినవి అడిగి, ఆవిడ డాక్టరుకి ఫోన్ చేశాను. ఆ ప్రశ్న నాది కాదు, రాజుగారిది. ఆ రోజంతా ఆయనే గుర్తొస్తూ ఉన్నారు.

రాజుగారు భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ చిన్న ఆస్పత్రి పెట్టుకున్న ఎముకల సర్జన్. అసలు పేరు చాలా పొడుగు, బోర్డు మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ వాడలేదు. పాథాలజీ చదువు పూర్తయ్యాక నేను మొదట చేరింది ఆయన ఆస్పత్రి కింది అంతస్తులో ఉన్న ల్యాబ్‌లోనే. అప్పట్లో నాకు ముక్కు మీదే కోపం. ఆయనకేమో అందరికీ అండి తగిలించే మర్యాద. ఊడ్చే ఆయాని కూడా “రండి, కూర్చోండి” అనేవారు. తిట్టినా ఆ అండి పోయేది కాదు. “మీకేమైనా బుద్ధి ఉందా అండి?” అని ఆయన అడిగితే, తిట్టారో యోగక్షేమాలు కనుక్కున్నారో తెలియక జనం నీళ్ళు నమిలేవారు. నేను మాత్రం ఎదురు చెప్పేదాన్ని. అందుకే నేనంటే ఆయనకి ఇష్టమని చాలా రోజుల తర్వాత తెలిసింది.

మార్చిన కీలులో క్రిములు చేరితే మొదట్లో బయటికి ఏమీ కనబడకపోవచ్చు. జ్వరం ఉండదు, వాపూ పెద్దగా ఉండదు. లోపల లోహం చుట్టూ అవి జిడ్డులా పట్టుకుని కూర్చుంటాయి. అనుమానం వచ్చినప్పుడు మొదట చేసేవి రెండు రక్తపరీక్షలు, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్. ఒంట్లో ఎక్కడో రగులుతోందని చెప్పే పొగలాంటివి అవి. పొగ ఉందంటాయి కానీ ఏ ఇంట్లోనో చెప్పవు. నేను చేరిన కొత్తలో రావులపాలెం అరటికాయల వ్యాపారి ఒకాయనకి మోకాలు మార్చిన రెండు మూడు రోజులకే సీఆర్‌పీ ఆకాశానికి ఎక్కింది. నేను కంగారుగా మేడెక్కి రిపోర్టు చూపించాను. రాజుగారు కాఫీ గ్లాసు దించకుండానే చూశారు. “అంత పెద్ద కోత కోశాక పెరగకపోతే ఆశ్చర్యపోవాలమ్మా. ఇది పెరగడం కాదు, దిగుతోందా లేదా అన్నది చూడాలి. మళ్ళీ వచ్చే వారం చేయండి” అన్నారు. అనుకున్నట్టే దిగింది. చెడ్డ రిపోర్టుకి కంగారుపడని మనిషి అని ఆ రోజు నాకు కాస్త గౌరవం కలిగింది. మంచి రిపోర్టుకి భయపడతారని మాత్రం సత్యవతిగారు వచ్చేదాకా తెలియలేదు.

సత్యవతిగారిది కడియం. భర్త సూరిబాబుగారితో కలిసి నర్సరీ నడిపేది. గులాబీ అంట్లు కట్టడంలో ఆవిడ చేతివాసి గొప్పదని చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని ఆ పని చేసి చేసి మోకాళ్ళు అరిగిపోయాయి. ఎక్కువ అరిగిన కుడి మోకాలికి రాజుగారు కీలు మార్చారు. కొన్ని నెలల తర్వాత ఆవిడ కుంటుతోందని సూరిబాబుగారు పట్టుబట్టి తీసుకొచ్చారు. ఎలా ఉందని అడిగితే ఆవిడ నవ్వుతూ “ఆయ్, బానే ఉందండి” అంది. గది నిండా బామ్ వాసన. “మార్చిన మోకాలికి బామ్ ఎందుకమ్మా?” అంటూ రాజుగారు వేడి తెలిసేలా మోకాలి మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూశారు, రెండో మోకాలి మీదా అలాగే చూశారు. రక్తపరీక్షకి రాశారు. పరీక్షలు రెండూ నార్మల్ వచ్చాయి. సూరిబాబుగారు రిపోర్టు చూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

కాసేపటికి రాజుగారు ఆ రిపోర్టు పట్టుకుని స్వయంగా మెట్లు దిగి ల్యాబ్‌కి వచ్చారు.

“డాక్టరమ్మా, ఈ రిపోర్టు చాలా బాగుందండి.”

“అవునండి.”

“నాకు తెగ నచ్చేసిందండి. అందుకే భయంగా ఉంది. ఇంకోసారి చూస్తారా?”

నాకు ఒళ్ళు మండింది. “మెషీన్ సరిగ్గానే ఉందండి. పొద్దున్నే సరిచూసుకున్నాకే మొదలుపెట్టాను. అనుమానంగా ఉంటే వేరే ల్యాబ్‌కి పంపించుకోండి” అన్నాను.

“అనుమానం మెషీన్ మీద కాదమ్మా, నా మీద. ఆ కీలు వేసింది నేను. అంతా బాగుందని ఎవరైనా అంటే చాలు, నమ్మేసి ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. నమ్మాలని ఉన్నప్పుడే జాగ్రత్తగా ఉండాలి కదండి.”

మళ్ళీ రక్తం తీయడానికి సామాను పట్టుకుని ఆయన వెనకే మేడెక్కాను. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

పైన రాజుగారు స్టూలు లాక్కుని సత్యవతిగారి పక్కన కూర్చుని నర్సరీ కబుర్లలోకి దిగారు. లారీ ఎప్పుడని అడిగారు. రేపే లోడింగని, గులాబీలు, మందారాలు వెళ్తున్నాయని ఆవిడ ఉత్సాహంగా చెప్పింది. “ఆకు మీద మచ్చలుంటే ఏం చేస్తారండి?” అన్నారు. “మందు కొడతామండి. నాలుగు రోజుల్లో ఆకు నిగనిగలాడిపోద్ది” అంది. “మరి వేరు కుళ్ళితే? పైన మందు కొట్టి పంపించేస్తారా?” ఆ మాటకి ఆవిడకి పౌరుషం వచ్చింది. “ఎంత మాటండి! అలాంటి మొక్క మేం లారీ ఎక్కించమండి. ఎక్కడికెళ్ళి చచ్చినా మా నర్సరీ పేరే కదండీ చెప్పుకుంటారు?” రాజుగారు తల ఊపారు. “నా సంగతీ అంతేనండి. ఈ మోకాలు ఎక్కడికెళ్ళినా నా పేరే చెబుతుంది. నిజం చెప్పండి, దీనికి మీరు ఏం మందు కొట్టారు?”

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసి, సంచిలోంచి సగం అయిపోయిన మాత్రల అట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. యాంటీబయాటిక్. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలని తెలిసిన దగ్గర్నుంచి ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గర తీసుకుని మింగుతోందట. “ఆపరేషనప్పుడు కన్నతండ్రిలా చూసుకున్నారండి మీరు. బాలేదని ఏ మొహం పెట్టుకుని రానండి? మీకు మాటొచ్చుద్దేమోనని, ఈ నాలుగు మాత్రలూ వేసుకుంటే రిపోర్టు బాగొచ్చుద్దని...” అంది. సూరిబాబుగారు తల పట్టుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విస్తట్లో ఉప్పు లేని పప్పు వడ్డించినా అమృతంలా ఉందండి అనే గోదావరి మనుషులం మేము. ఆ మర్యాద మోకాలిదాకా వచ్చిందన్నమాట. మాత్రలు లోపలి క్రిముల్ని చంపలేదు, కాస్త అణచిపెట్టాయంతే. నా మెషీన్ ఉన్నదున్నట్టే చెప్పింది.

మాత్రలు ఆపి రెండు వారాల తర్వాత రమ్మన్నారు రాజుగారు. జ్వరం వస్తే ఆ క్షణమే రావాలని సూరిబాబుగారితో ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. వాళ్ళు వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. నార్మలని రిపోర్టు ఉంది, ఆవిడ కూడా బాగుందనే అంటోంది, ఊళ్ళో పేరు చెడగొట్టుకునే పని ఎందుకండి అని. “చీము ఎముకలోకి దిగితే ఆవిడ ఇంక లేచి నడవలేదమ్మా. నా పేరంటారా, పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ కాలు పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?” అన్నారు. పైకి అలా అన్నారు కానీ ఆ రెండు వారాలూ ఆయన మనిషి మనిషిగా లేరు. అండి లేకుండా ఆయన కసురుకోవడం నేను విన్నది అప్పుడే.

తిరిగి వచ్చేసరికి మోకాలు కొంచెం ఉబ్బింది. ఈసారి సీఆర్‌పీ బాగా పెరిగింది, ఈఎస్‌ఆర్ కూడా. రక్తం మాట ఒక్కటే నమ్మి కత్తి పట్టకూడదు కనుక, రాజుగారు కీలులోకి సూది పెట్టి నీరు తీశారు. తేటగా ఉండవలసిన నీరు బియ్యం కడుగులా ఉంది. కొన్ని రోజులకి ఆ నీరు పూసిపెట్టిన నా ప్లేటు మీద క్రిములు మొలిచాయి. రిపోర్టు రాసి ఆయాతో పైకి పంపించాను. వెంటనే ఫోన్ వచ్చింది. “కాగితం వచ్చిందమ్మా. మీరూ రండి. రెండు రిపోర్టులూ రాసింది మీరు, వాళ్ళకి మీరే చెప్పాలి.”

నేను వెళ్ళేసరికి సూరిబాబుగారు మండిపడుతున్నారు. “మొన్న బాగుందన్నారు, ఇవాళ చీము పట్టిందంటున్నారు. ఏంటండి ఇది, ఏది నిజం?” రాజుగారు నా వైపు చూశారు. బతికున్న మనిషి ముందు నిలబడి ఆవిడ రక్తం గురించి చెప్పడం నాకు అదే మొదటిసారి. బల్ల మీది రిపోర్టు తీసి రెండుసార్లు చదువుకున్నాను. రెండూ నిజమేనని, మొదటిది మాత్రల కింద దాగిన నిజమని, ఇది ముసుగు తీసిన నిజమని ఎలాగో చెప్పాను. సత్యవతిగారు నా చెయ్యి పట్టుకుని “నాదేనండి తప్పు” అంది. “మీది కాదండి” అన్నారు రాజుగారు. “చీము పట్టింది నేను వేసిన కీలుకి. మాత్రలు దాన్ని దాచాయి కానీ తేలేదు. దాన్ని తీసేసి, మందు కలిపిన ఎముకల సిమెంటు పెట్టి, లోపల శుభ్రపడ్డాక మళ్ళీ కొత్తది వేయాలి. నా దగ్గర వద్దనుకుంటే ఎక్కడికైనా ఫైలు ఇచ్చి పంపిస్తాను.” వాళ్ళు ఇద్దరూ బయటికెళ్ళి మాట్లాడుకుని వచ్చి, ఆయన్నే చేయమన్నారు.

ఆపరేషన్లు రెండూ అయ్యాయి. కాలు నిలిచింది. మోకాలు మాత్రం మునుపటంత వంగదు, ఆవిడ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని అంట్లు కట్టుకుంటుందని విన్నాం. రాజుగారు చేసిన మోకాలు కుళ్ళిందట అన్న మాట మాత్రం లారీలకన్నా వేగంగా ఊళ్ళు తిరిగింది. కొంతకాలం ఆస్పత్రి బోసిపోయింది. ఆయన చాలా బాధపడ్డారు. నేను మాత్రం ఎవరు దొరికితే వాళ్ళతో దెబ్బలాడేదాన్ని. మనిషి ఉన్నమాట చెప్పి ఎందుకు చెడ్డవాడు కావాలి అని.

చాలా రోజులకి సత్యవతిగారు మళ్ళీ వచ్చింది. నేను ఏదో పని మీద రాజుగారి గదిలోనే ఉన్నాను. ఎలా ఉందండి అని ఆయన అడిగారు. “అస్సలు బాలేదండి” అంది ఆవిడ. ఆయన మొహం పాలిపోయింది. “కుడిది కాదండి బాబూ, ఎడమది. అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాను. ఇది కూడా మీరే మార్చాలండి.”

“నేనా? ఇంత జరిగాక ఇంకా నా దగ్గరికేంటమ్మా? హైదరాబాదులో పెద్ద పెద్దవాళ్ళున్నారు, రాసిస్తాను.”

“బాగుందని చెప్పేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారండి” అంది ఆవిడ. “బాలేదని చెప్పేవాళ్ళే కదండీ నాకు కావాలి.”

రాజుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను నెమ్మదిగా బయటికి వచ్చేశాను.

కొన్నేళ్ళకి రాజుగారు చనిపోయారు. ఆస్పత్రి చేతులు మారింది. నేను సొంత ల్యాబ్ పెట్టుకున్నాను, మెషీన్లు మెరుగయ్యాయి, నా కోపం మాత్రం అంతగా తగ్గలేదు. రిపోర్టులు ఇప్పుడు ఫోనుల్లోకే వెళ్ళిపోతాయి. మంచివన్నీ అలాగే పంపించేస్తాను. చెడ్డది ఉంటే మాత్రం ఆ మనిషి వచ్చేదాకా ఆపి, పక్కన కూర్చుని నా నోటితోనే చెబుతాను. చెప్పేముందు ఇప్పటికీ రిపోర్టు రెండుసార్లు చదువుకుంటాను, ఆ తర్వాత చెబుతాను.